చెయ్యి చేసుకుంటే సివిల్ కోర్టూ ఉంది
• పోలీసు కేసు, పెద్దల పంచాయతీ కాక కెనడాలో మూడో దారి
• సస్కాచెవాన్‌లో మామూలు గడువు రెండేళ్లు.. ఇంట్లో తగిలిన దెబ్బకు గడువే లేదు

రెజైనా, ప్రత్యేక కథనం:

‘ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాడు.’ కొట్టడాన్ని చెప్పడానికి మన భాషలో ఇంత మెత్తటి మాట ఉంది. ఆ మాట చెవిన పడ్డాక మన ఇళ్లలో కనిపించే దారులు రెండే. ఒకటి పోలీసు కేసు. రెండోది, నలుగురు పెద్దలు కూర్చుని చేసే సర్దుబాటు. రెజైనా వచ్చినా మన ఆలోచన పెద్దగా మారలేదు. మొదటి దారి అంటే భయం. కేసయితే పీఆర్ ఏమవుతుందో, ఊళ్లో అమ్మానాన్నలకు తెలిస్తే ఎలా అని. ఇక రెండో దారిలో దెబ్బ తిన్నవారికి చాలాసార్లు దక్కేది ‘సర్దుకుపో’ అన్న సలహా మాత్రమే.

ఇక్కడ మూడో దారి ఒకటుంది. దెబ్బ తిన్న మనిషే వాదిగా నిలబడి, కొట్టినవారిని సివిల్ కోర్టుకు పిలిచి, జరిగిన నష్టానికి లెక్క అడగవచ్చు. ఈ దారి సంగతి తెలియక గడువు పోగొట్టుకునేవారు కొందరు. గడువు లేని కేసులోనూ ‘ఆలస్యమైపోయింది’ అనుకుని ఊరుకునేవారు ఇంకొందరు. ఇద్దరి కోసమూ ఈ కథనం.

ఎస్‌జీఐలో విన్న మాటే

సస్కాచెవాన్‌లో కారు నడిపేవారికి ‘టార్ట్’ అనే మాట కొత్త కాదు. ఇక్కడి వాహన బీమాలో ‘నో ఫాల్ట్’ కావాలా, ‘టార్ట్’ కావాలా అని ఎంచుకునే వీలు 2003 నుంచి ఉంది. మనం ప్రత్యేకంగా అడగకపోతే నో ఫాల్టే వర్తిస్తుంది కాబట్టి రెండో మాట అర్థం ఏమిటని ఆరా తీసేవారు తక్కువ.

టార్ట్ అంటే ఒకరు మరొకరికి చేసిన తప్పు. మన న్యాయశాస్త్ర పుస్తకాల్లో దీన్ని ‘అపకృత్యం’ అంటారు. నేరమైతే ప్రభుత్వం కేసు నడుపుతుంది, దోషికి శిక్ష పడుతుంది. టార్ట్ అయితే నష్టపోయిన మనిషి దావా వేస్తాడు, తప్పు చేసినవాడు పరిహారం చెల్లిస్తాడు. ఒకే చెంపదెబ్బ నేరమూ కావచ్చు, టార్టూ కావచ్చు. పోలీసులు కేసు పెట్టలేదని దావా ఆగిపోదు. క్రిమినల్ కోర్టు కొట్టేసినా దావా వేసుకోవచ్చు. అమెరికాలో ఓ.జె. సింప్సన్ ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1995లో హత్య కేసులో నిర్దోషిగా బయటపడ్డ మనిషినే 1997లో సివిల్ జ్యూరీ బాధ్యుడిగా తేల్చి, కోట్ల డాలర్లు కట్టమంది.

టార్టుల్లో ఎక్కువ భాగం నిర్లక్ష్యానికి సంబంధించినవి. కావాలని మనిషి మీద చేసే తప్పులది వేరే వరుస. అందులో ముఖ్యమైనవి నాలుగు.

దెబ్బ, బెదిరింపు, నిర్బంధం, మనోవేదన

మొదటిది ‘బ్యాటరీ’. పేరు వినగానే టార్చిలైటు గుర్తుకు రావచ్చు గానీ, దీని అర్థం ఒప్పుకోలు లేకుండా మనిషి ఒంటి మీద చెయ్యి వేయడం. గాయం కావాల్సిన పని లేదు. ‘ఇంత దెబ్బ తగులుతుందనుకోలేదు’ అన్న సంజాయిషీ కూడా పనికిరాదు. 1978 నాటి ఒంటారియో కేసు ఒకటి ఇందుకు ఉదాహరణ. ఒక చిన్న దుకాణంలో కుర్రాళ్లు అగ్గిపుల్లలు గీసి విసురుతుంటే అక్కడున్న బొగ్గుల సంచి అంటుకుంది. యజమాని పదిహేనేళ్ల కుర్రాణ్ణి కాలర్ పట్టుకుని, నిజం చెప్పమని ఊపాడు. ఆ ఊపులో యజమాని తల తగిలి కుర్రాడి ముక్కుకు గట్టి గాయమైంది. తల తగలాలని ఆయన అనుకోలేదని కోర్టు కూడా ఒప్పుకుంది. అయినా, కావాలని పట్టుకుని ఊపాక తర్వాత జరిగినదానికంతా బాధ్యత ఆయనదేనంది. గ్యాస్ స్టేషన్లు, కిరాణా దుకాణాలు నడుపుతున్న మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది.

రెండోది ‘అసాల్ట్’. దెబ్బ పడబోతోందన్న భయం కలిగించడమే ఇక్కడ తప్పు. 1830లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక కేసు చదివితే మన సంఘాల సర్వసభ్య సమావేశాలు గుర్తుకొస్తాయి. ఒక పారిష్ సమావేశంలో ఒకాయన గొడవ చేస్తుంటే, బయటకు పంపాలని సభ్యులు మెజారిటీతో తీర్మానించారు. ఆయన వినలేదు. అధ్యక్షుణ్ణే కుర్చీలోంచి లాగేస్తానంటూ పిడికిలి బిగించి ముందుకొచ్చాడు. అధ్యక్షుడికి దగ్గర్లో కూర్చున్నాయన అడ్డుకోవడంతో దెబ్బ పడలేదు. అయినా అసాల్టేనని తేలింది. పరిహారం ఒక్క షిల్లింగే గానీ, ఆ సూత్రం మాత్రం కెనడా కోర్టుల్లో ఇప్పటికీ నడుస్తోంది.

మూడోది అక్రమ నిర్బంధం. గదిలో పెట్టి తాళం వేస్తేనే నిర్బంధం కాదు. పరువు పోతుందన్న భయంతో మనిషి కదలలేకపోయినా నిర్బంధమే. 1961లో న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక దుకాణం ఉద్యోగులిద్దరు పోటీ దుకాణానికి వెళ్లి ధరలు చూస్తుంటే, అక్కడి మేనేజర్ ‘గూఢచారులు’ అని కేకలేసి కాపలా సిబ్బందిని, పోలీసులను పిలిచాడు. నలుగురిలో అల్లరి కావడం ఇష్టం లేక వాళ్లు పోలీసుల వెంట నడిచారు. వాళ్లను ఎవరూ ఈడ్చుకెళ్లలేదు. అయినా కోర్టు దాన్ని నిర్బంధంగానే చూసింది. షాపింగ్ మాల్‌లో అనుమానంతో ఆపిన విద్యార్థికీ, ‘బయటకు వెళ్లావంటే చూడు’ అంటూ ఇంట్లో కూర్చోబెట్టిన కోడలికీ ఈ సూత్రమే అండ.

నాలుగోది, కావాలని మనోవేదన కలిగించడం. ఇది అంత తేలిగ్గా నిలబడదు. ఎదుటివారి ప్రవర్తన దారుణమైనదై ఉండాలి, హాని చేయాలనే చేసి ఉండాలి, దానివల్ల నిజంగా జబ్బు పడినట్టు వైద్య ఆధారం ఉండాలి. అత్తింట్లో నాలుగు మాటలు పడ్డామని దావా వేస్తే గెలవలేం. నెలల తరబడి వేధింపు, దానికి డాక్టర్ రికార్డు ఉంటే సంగతి వేరు.

వీటికి సస్కాచెవాన్‌లో చట్టం ద్వారా వచ్చిన మరొక రక్షణ తోడైంది. ఆంతరంగిక ఫొటోలు, వీడియోలు అనుమతి లేకుండా పంచినవారిపై నేరుగా దావా వేసేలా ఇక్కడి ప్రైవసీ చట్టాన్ని 2018లో సవరించారు. అనుమతి ఉందని చూపించాల్సిన భారం పంచినవారిదే.

ఒప్పుకోలు ఎంతవరకు?

దావా ఎదుర్కొనేవారు ముందు చెప్పే మాట ‘వాళ్లు ఒప్పుకున్నారు’ అని. ఆట మైదానంలోకి దిగినవారు ఆటలో తగిలే దెబ్బలకు ఒప్పుకున్నట్టే. కానీ ఆ ఒప్పుకోలుకు హద్దుంది. పక్కనే ఉన్న మానిటోబాలో 1965లో తేలిన ఐస్ హాకీ కేసులో, తనను కర్రతో అడ్డుకున్న ఆటగాడి ముఖంపై మరొకడు కోపంతో కర్రతో కొట్టాడు. దెబ్బ తిన్నవాడికి ఒక కన్ను పోయింది. ఆటలో భాగమన్న వాదన నిలవలేదు. ముందు రెచ్చగొట్టింది అతనే కాబట్టి పరిహారంలో మూడో వంతు మాత్రం కోత పెట్టారు.

వైద్యానికీ ఇదే లెక్క. ఒంటారియోలో 1979లో ప్రమాదానికి గురై స్పృహ లేకుండా ఆస్పత్రికి వచ్చిన ఒక మహిళ పర్సులో ‘నాకు రక్తం ఎక్కించవద్దు’ అని రాసిన కార్డు ఉంది. ఆమె యెహోవా సాక్షుల మతస్తురాలు. ప్రాణం కాపాడాలని డాక్టర్ రక్తం ఎక్కించారు, ఆమె బతికింది. అయినా ఆమె మాట కాదని చేసిన వైద్యం బ్యాటరీయేనని కోర్టు 20 వేల డాలర్లు కట్టమంది. 1990లో అప్పీలు కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఎంత మంచి ఉద్దేశమైనా, మనిషి ఒంటి మీద హక్కు ఆ మనిషిదే అన్నది ఈ చట్టానికి పునాది.

నిరూపణ ఎలా?

‘సాక్షులెవరూ లేరు, నా మాట ఎవరు నమ్ముతారు?’ బాధితులను వెనక్కి లాగేది ఈ ప్రశ్నే. క్రిమినల్ కేసులో సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. సివిల్ దావాలో అంత అక్కర్లేదు. జరగలేదనడం కంటే జరిగిందనడానికే ఎక్కువ అవకాశం ఉందని జడ్జికి అనిపిస్తే చాలు. ఆరోపణ ఎంత తీవ్రమైనదైనా సివిల్ కోర్టులో ఈ ఒక్క కొలతే ఉంటుందని కెనడా సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. అంతకుముందు 2000లో మరో మాట చెప్పింది. తనను తాకారని వాది రుజువు చేస్తే చాలు. ఒప్పుకోలు ఉందని చూపించాల్సింది తాకినవారే.

అలాగని ఉత్త మాట సరిపోదు. గాయమైన రోజునే తీసిన ఫొటో, వాక్-ఇన్ క్లినిక్‌లో డాక్టర్ రాసిన నోట్, ‘నిన్న కోపంలో అలా చేశాను, సారీ’ అంటూ వచ్చిన వాట్సాప్ సందేశం, తేదీలతో రాసుకున్న డైరీ, ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పుకున్న స్నేహితురాలు.. కేసును నిలబెట్టేవి ఇవే. ఇంటి గుట్టు బయటపడుతుందని డాక్టర్‌కు ‘మెట్ల మీద జారి పడ్డాను’ అని చెబితే, రేపు కోర్టులో ఆ కాగితమే ఎదురు తిరుగుతుంది.

గడువు: ఇక్కడే అసలు సంగతి

సస్కాచెవాన్ లిమిటేషన్స్ చట్టం ప్రకారం చాలా దావాలకు గడువు రెండేళ్లు. నష్టం జరిగిందని, అది ఎవరివల్ల జరిగిందో తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. పార్కింగ్ లాట్‌లో కొట్లాట, దుకాణంలో నిర్బంధం వంటివన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ‘ఇండియా వెళ్లి వచ్చాక చూద్దాం’ అనుకుంటే రెండేళ్లు ఎలా గడిచాయో తెలియదు.

కానీ ఇదే చట్టంలోని 16వ సెక్షన్ రెండు సందర్భాల్లో గడువును పూర్తిగా ఎత్తేసింది. లైంగిక దుష్ప్రవర్తనకు సంబంధించిన దావాలు మొదటివి. భార్యాభర్తల వంటి సన్నిహిత బంధంలో కలిసి ఉన్నప్పుడు గానీ, డబ్బుకో, ఆసరాకో ఒకరిపై ఆధారపడి ఉన్నప్పుడు గానీ తగిలిన దెబ్బలకు వేసే దావాలు రెండోవి. ఈ దావాలు ఎప్పుడైనా వేయవచ్చు. డిపెండెంట్ వీసా మీద వచ్చి, బ్యాంకు ఖాతా కూడా లేకుండా ఏళ్లు నెట్టుకొచ్చిన మహిళకు ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు ఎదురై ఉంటుందో! అప్పుడే చెప్పలేకపోవడం ఇలాంటి బంధాల్లో సహజమేనని ఈ సెక్షన్ ఒప్పుకుంటోంది.

ఇలాంటి దావాలు నిజంగా నిలుస్తాయా? ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో 2022లో వచ్చిన తీర్పు చూడండి. 1999లో భారత్‌లో పెళ్లి చేసుకుని కెనడాకు వచ్చిన దంపతుల విడాకుల కేసు అది. ఏళ్ల తరబడి భర్త కొట్టడం, అదుపులో పెట్టుకోవడం రుజువయ్యాయని జస్టిస్ రేణు మంధానే తేల్చారు. ‘కుటుంబ హింస’ అనే కొత్త టార్టును గుర్తించి, భార్యకు 1,50,000 డాలర్ల పరిహారం ప్రకటించారు. 2023లో ఒంటారియో అప్పీలు కోర్టు, కొత్త టార్టు అక్కర్లేదు, ఉన్న బ్యాటరీ, అసాల్ట్, మనోవేదన టార్టులే చాలునంటూ మొత్తాన్ని లక్ష డాలర్లకు తగ్గించింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లి 2025 ఫిబ్రవరిలో వాదనలు జరిగాయి. కొత్త పేరు పెట్టాలా వద్దా అన్నదానిపైనే వాదులాట. భార్యను కొట్టిన భర్త ఆమెకు పరిహారం చెల్లించాల్సి రావచ్చు అన్నదానిపై కింది రెండు కోర్టులకూ భిన్నాభిప్రాయం లేదు.

ఈ నేల మీదే పుట్టిన కేసు

ఏళ్ల తర్వాత న్యాయం అడగడం సస్కాచెవాన్‌కు కొత్త కాదు. రెజైనాకు ఉత్తరాన పునిచీ దగ్గర గోర్డన్స్ రెసిడెన్షియల్ స్కూల్ 1996 దాకా నడిచింది. ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి ఉంచిన బడి అది. అక్కడి వసతి గృహం నిర్వాహకుడు విలియం స్టార్ బాలురపై లైంగిక దాడులు చేసినట్టు 1993లో నేరం ఒప్పుకున్నాడు. 1970లలో అతను నడిపిన బాక్సింగ్ క్లబ్‌కు వెళ్లిన ఒక బాలుడు, పెద్దయ్యాక అతనిపైనా, అతనికి ఉద్యోగమిచ్చిన కెనడా ప్రభుత్వంపైనా దావా వేశాడు. పేరు బయటపెట్టకుండా కోర్టు అతన్ని హెచ్.ఎల్. అనే పొడి అక్షరాలతోనే పిలిచింది. ఆ గాయం వల్ల ఉద్యోగాల్లో నిలవలేక పోగొట్టుకున్న సంపాదనకు కింది కోర్టు పరిహారమిస్తే, సస్కాచెవాన్ అప్పీలు కోర్టు దాన్ని తీసేసింది. 2005లో సుప్రీంకోర్టు, గడిచిన కాలపు సంపాదన నష్టాన్ని చాలావరకు తిరిగి ఇప్పించింది. ఒంటి మీద పడ్డ దెబ్బ ఒక జీవితం సంపాదనను ఎలా తినేస్తుందో లెక్కకట్టిన తీర్పు అది.

మన ఊళ్లలో ఈ దారి ఎందుకు తెలియదు?

భారత్‌లోనూ ఈ చట్టం ఉంది. కాకపోతే అడిగే పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, తీర్పు కోసం ఏళ్లు ఆగాలి. అందుకే ‘స్టేషన్‌లో కేసు పెట్టాం’ అనే మాట వింటాం గానీ ‘దావా వేశాం’ అనే మాట పొలం తగాదాల్లోనే వింటాం. అయినా వేసినవారు లేకపోలేదు. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలు లోపలికి కొందరు చొరబడి బాంబులు విసిరితే చల్లా చిన్నపరెడ్డి చనిపోయారు. గాయాలతో బయటపడ్డ కొడుకు రామకృష్ణారెడ్డి, ఖైదీకి రక్షణ కల్పించని ప్రభుత్వంపై సివిల్ దావా వేశారు. కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంది. సుప్రీంకోర్టు 2000లో దాన్ని ఖాయం చేసింది. దెబ్బకూ తుది తీర్పుకూ మధ్య 23 ఏళ్లు. మనవాళ్లు కోర్టు గడప తొక్కడానికి వెనకాడటంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ అనుభవంతోనే ఇక్కడి తలుపును కూడా మూసేసుకోవడం నష్టం.

చెయ్యెత్తేవారికీ ఒక మాట

ఈ చట్టం రెండు వైపులా పదునే. ‘ముందు వాడే తిట్టాడు’ అంటే పరిహారం కొంత తగ్గవచ్చేమో గానీ తప్పు మాఫీ కాదు. ఇంటి బీమా ఆదుకుంటుందనుకోవద్దు. కావాలని చేసిన హానికి బీమా కంపెనీ అండగా నిలబడనక్కర్లేదని 2000 నాటి సుప్రీంకోర్టు తీర్పే చెప్పింది. దివాలా తీసినా తప్పదు. కావాలని చేసిన శారీరక హానికి, లైంగిక దాడికి కోర్టు వేసిన పరిహారం దివాలాతో రద్దు కాదని చట్టంలోనే ఉంది. తీర్పు వచ్చాక జీతం, బ్యాంకు ఖాతా దాకా షెరీఫ్ రాగలరు.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దిద్దడానికి తల్లిదండ్రులు వాడే బలానికి 2004లో సుప్రీంకోర్టు గీత గీసింది. రెండేళ్ల లోపు పిల్లలను, పన్నెండు దాటినవారిని కొట్టకూడదు. బెల్టు, కర్ర వంటివి వాడకూడదు. తల మీద, ముఖం మీద అసలే కొట్టకూడదు. ఊరి నుంచి వచ్చిన తాతయ్యకు, అమ్మమ్మకు ఈ సంగతి విమానం దిగిన రోజే చెప్పడం మంచిది.

ఏం చేయాలి?

• ప్రాణభయం ఉంటే ముందు 911. దావా ఆలోచన ఆ తర్వాతే. ఇంట్లో హింసకు గురైనవారికి అత్యవసర రక్షణ ఉత్తర్వులిచ్చే చట్టాన్ని 1995లో దేశంలో ముందుగా తెచ్చింది సస్కాచెవానే. ఆ ఉత్తర్వుతో కొట్టినవారిని ఇంటి నుంచి పంపించవచ్చు.
• చిన్న మొత్తాలకు ప్రావిన్షియల్ కోర్టులో స్మాల్ క్లెయిమ్స్ విభాగం ఉంది. అక్కడ న్యాయవాది లేకుండానే వాదించుకోవచ్చు. అక్రమ నిర్బంధం, పరువునష్టం కేసులను మాత్రం అక్కడ తీసుకోరు. వాటికి, పెద్ద మొత్తాలకు కింగ్స్ బెంచ్ కోర్టుకు వెళ్లాలి. రెజైనాలో అది విక్టోరియా అవెన్యూలో ఉంది.
• లీగల్ ఎయిడ్ ప్రధానంగా క్రిమినల్, కుటుంబ కేసులకే. పరిహార దావాల విషయంలో ఆదాయం తక్కువున్నవారు ప్రో బోనో లా సస్కాచెవాన్ ఉచిత క్లినిక్‌లలో సలహా అడగవచ్చు. గెలిస్తేనే వాటా తీసుకునే పద్ధతిలో కేసులు చేపట్టే న్యాయవాదులూ ఉన్నారు.
• ఓడితే ఎదుటివారి ఖర్చుల్లో కొంత కట్టాల్సి రావచ్చు. గెలిచినా, ఎదుటివారి దగ్గర ఏమీ లేకపోతే డబ్బు చేతికి రావడం కష్టం. ఈ రెండూ ముందే లెక్క వేసుకోవాలి.
• నేరానికి గురైనవారికి ప్రావిన్స్ ప్రభుత్వం నడిపే విక్టిమ్స్ కాంపెన్సేషన్ ప్రోగ్రాం వేరుగా ఉంది. దానికి దావాతో పని లేదు.
• సివిల్ తీర్పు నేరశిక్ష కాదు, క్రిమినల్ రికార్డులోకి ఎక్కదు. ‘కేసు’ అన్న మాట వినగానే వీసా గురించి భయపడేవారు ఈ తేడా తెలుసుకోవాలి.

పెద్దల సర్దుబాటు వద్దని ఎవరూ అనరు. నిజంగా తప్పు ఒప్పుకుని, మళ్లీ జరగకుండా చూసుకుంటే అంతకంటే కావాల్సిందేముంది? కానీ ఆ సర్దుబాటుకు కూర్చున్న రోజున, దెబ్బ తిన్న మనిషికి తన హక్కేమిటో తెలిసి ఉండాలి. తెలిసి సర్దుకుపోవడం వేరు, ఇంకో దారి లేదనుకుని సర్దుకుపోవడం వేరు. ఈసారి పెద్దమనిషిగా మిమ్మల్ని పిలిస్తే, ‘సర్దుకుపో’ అనేముందు ఈ మూడో దారి గురించి కూడా చెప్పండి.

(గమనిక: ఇది పాఠకుల అవగాహన కోసం మాత్రమే. ప్రతి కేసు వివరాలూ వేరుగా ఉంటాయి, ప్రావిన్స్‌ను బట్టి చట్టమూ మారుతుంది. నిర్ణయం తీసుకునే ముందు న్యాయవాదిని సంప్రదించండి.)